చంద్రుడి పేరున్న విషం

సెలీనియం అనగానే మనలో సగం మందికి గుర్తొచ్చేది బ్రౌజర్ దానంతటదే తెరుచుకుని, లాగిన్ పేజీలో యూజర్‌నేమ్ దానంతటదే టైపయిపోవడం. టెస్టింగ్‌లో పనిచేసినవాళ్ళకయితే రాత్రి పన్నెండింటికి ఎలిమెంట్ దొరకలేదని చచ్చిపోయిన స్క్రిప్టులు కూడా గుర్తొస్తాయి :). ఆ టూలుకి ఆ పేరెందుకొచ్చిందో చాలామందికి తెలియదు. 2004లో జేసన్ హగ్గిన్స్ అనే ఆయన థాట్‌వర్క్స్‌లో దాన్ని రాశాడు. అప్పట్లో టెస్టింగ్ టూల్స్‌లో మెర్క్యురీ అనే కంపెనీదే రాజ్యం. మెర్క్యురీ అంటే పాదరసం కదా, పాదరసం విషానికి సెలీనియం విరుగుడట. అదీ జోకు. తర్వాత 2006లో మెర్క్యురీని హెచ్‌పీ కొనేసింది, సెలీనియం మాత్రం ఇప్పటికీ మన ప్రాణాలు తోడుతూనే ఉంది.

ఈ టపా ఆ సెలీనియం గురించి కాదు. అసలు సెలీనియం గురించి. 34వ నంబరు మూలకం.

పోయిన నెల ఒక స్నేహితుడు ఫోన్ చేశాడు. వాళ్ళ అక్క కొడుకుకి పదహారేళ్ళు. మోకాలి పైన నొప్పంటే క్రికెట్‌లో దెబ్బ తగిలిందనుకున్నారట. రెండు నెలలు తైలాలు రాశాక ఎక్స్‌రే తీయిస్తే ఆస్టియోసార్కోమా అని తేలింది, అంటే ఎముకలో పుట్టే క్యాన్సర్. కీమో మొదలుపెట్టారు. ఇంతలో అమెరికాలో ఉన్న చుట్టం ఒకాయన, సెలీనియం ఎముక క్యాన్సర్ కణాలని చంపుతుందని ఎక్కడో చదివి, మాత్రల డబ్బా ఒకటి పంపించాడు. "ఒరేయ్, నువ్వు ఇలాంటివి చదువుతుంటావుగా, వెయ్యొచ్చంటావా?" అని మావాడి ప్రశ్న. నేను చదివింది ఇంజనీరింగ్, వైద్యం కాదు. ఆ ముక్కే చెప్పాను. కానీ ఫోన్ పెట్టేశాక ఊరుకోలేకపోయాను. ఆ డబ్బా వెనకాల రెండొందల ఏళ్ళ కథ ఉంది. అందులో ఈ మూలకం నాలుగైదుసార్లు పార్టీ ఫిరాయించింది.

1817లో స్వీడన్‌లో బెర్జీలియస్ అనే రసాయన శాస్త్రవేత్త గ్రిప్స్‌హోమ్ దగ్గర ఒక సల్ఫ్యూరిక్ యాసిడ్ ఫ్యాక్టరీలో వాటాదారు. ఫాలున్ గనుల ఖనిజం వాడినప్పుడల్లా తయారీ గదుల అడుగున ఎర్రటి మడ్డి మిగులుతుండేది. కాలిస్తే ముల్లంగి లాంటి ఘాటు వాసన. ముందు అది టెల్లూరియం అనుకున్నాడు. తర్వాత పరీక్షలు చేస్తే కాదని, కొత్త మూలకమని తేలింది. టెల్లూరియం పేరు భూమి మీద పెట్టారు కాబట్టి, దాని చుట్టమైన దీనికి గ్రీకుల చంద్రదేవత సెలీనీ పేరు పెట్టాడు. పేరు చల్లటిది, గుణం మాత్రం కాదు.

మనుషులకి దీని మొదటి పరిచయం విషంగానే. 1856లో అమెరికా నెబ్రాస్కా ప్రాంతంలో ఫోర్ట్ రాండాల్ అనే సైనిక స్థావరంలో (ఇప్పుడది సౌత్ డకోటాలో ఉంది) గుర్రాలకి జూలు, తోక వెంట్రుకలు ఊడిపోయి, గిట్టలు పగిలి, నడవలేక చచ్చిపోయాయి. అక్కడి సైనిక వైద్యుడు మాడిసన్ అదంతా రాసిపెట్టాడు. కారణం మాత్రం ఆయనకి అంతుపట్టలేదు. తర్వాత ఆ మైదానాల్లో స్థిరపడ్డ రైతుల పశువులకీ అదే గతి. నీళ్ళలో ఉప్పే కారణమనుకుని దాన్ని క్షార రోగం అనేవారు. 1930లలో కర్ట్ ఫ్రాంకె అనే ఆయన, ఆయన తోటివాళ్ళు కలిసి తప్పు నీళ్ళది కాదు, అక్కడి నేలలో పండిన గింజలదని, ఆ గింజల్లోని సెలీనియందని తేల్చారు. నేలలో ఉన్నది మొక్క పీల్చుకుంటుంది, మొక్కలో ఉన్నది పశువు తింటుంది. మన దేశంలో కూడా పంజాబ్‌లో నవాన్‌షహర్, హోషియార్‌పూర్ వైపు కొన్ని ఊళ్ళలో ఇదే బాధ. పశువుల కొమ్ములు, గిట్టలు ఊడిపోవడం గురించి పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఏళ్ళ తరబడి పరిశోధించారు.

ఇంత విషాన్ని మందుగా వాడాలని ఎవడికి బుద్ధి పుట్టింది అంటారా? సిఫిలిస్ రక్తపరీక్ష కనిపెట్టిన జర్మన్ డాక్టర్ వాసర్‌మన్‌కి. 1911లో ఆయన ఇయోసిన్ అనే రంగుకి సెలీనియం కలిపి, కణితులున్న ఎలుకల రక్తంలోకి ఎక్కించాడు. కణితులు కరిగాయి. కొన్ని ఎలుకలు కూడా పోయాయి. దాంతో పదేళ్ళపాటు యూరప్‌లో సెలీనియం సూదిమందుల జోరు నడిచింది. 1919లో ఒక బ్రిటిష్ డాక్టరు ఆపరేషన్ చేయలేని క్యాన్సర్ రోగుల మీద వాడి చూశానని రాశాడు. తర్వాత అంతా మర్చిపోయారు. మళ్ళీ 1956లో అమెరికాలో లుకేమియా రోగులకి సెలీనియం సిస్టిన్ అనేది ఇచ్చారు. తెల్లకణాల సంఖ్య గబగబా పడిపోయింది, కానీ వాంతులు తట్టుకోలేకపోయారు. దాన్నీ అటకెక్కించారు.

ఇదంతా జరుగుతున్న రోజుల్లోనే ఇంకో పక్క దీని మీద ఇంకో కేసు నమోదయింది. 1943లో ఎలుకలకి సెలీనియం ఎక్కువున్న తిండి పెడితే కాలేయంలో కణితులు వచ్చాయని ఒక పరిశోధన పత్రం వచ్చింది. అంటే క్యాన్సర్‌కి మందు కాదు, క్యాన్సర్ కారకం! 1958లో అమెరికాలో, క్యాన్సర్ కలిగించే ఏ పదార్థాన్నీ ఆహారంలో కలపకూడదని చట్టం వచ్చాక ఈ మచ్చ ఇంకా గట్టిపడింది. ఆ మచ్చ పోయి కోళ్ళకి, పందులకి దాణాలో కలపడానికి అనుమతి రావడానికి 1974 దాకా పట్టింది.

ఆ అనుమతి ఎందుకు కావాల్సి వచ్చిందంటే, 1957లో కథ మలుపు తిరిగింది. క్లాస్ షువార్ట్స్, కాల్విన్ ఫోల్ట్స్ అనే ఇద్దరు ఎలుకల కాలేయం కుళ్ళిపోకుండా కాపాడే ఒక తెలియని పదార్థం కోసం వెతుకుతున్నారు. దానికి ఫ్యాక్టర్ 3 అని పేరు పెట్టుకున్నారు. వెతికి వెతికి పట్టుకుంటే అందులో ఉన్నది సెలీనియం. అంటే అది లేకపోతే ఎలుక బతకదు! విషం కాస్తా పోషకం అయిపోయింది. 1973లో ఇది మన ఒంట్లో ఏం చేస్తుందో కూడా తేలింది. గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌కి గుండెకాయ లాంటిదట. కణంలో పోగయ్యే పెరాక్సైడ్ చెత్తని ఊడ్చేసేది ఆ ఎంజైమే.

ఇక్కడ మన జాతికి నచ్చే విషయం ఒకటుంది, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. జన్యుభాషలో యూజీఏ అనే మూడక్షరాల మాటకి ఆపెయ్ అని అర్థం. ప్రోటీన్ తయారీ అక్కడ ఆగిపోవాలి. కానీ కొన్ని జన్యువుల్లో, పక్కనే ఒక ప్రత్యేకమైన గుర్తు ఉంటే, అదే యూజీఏకి "ఇక్కడ సెలీనోసిస్టీన్ పెట్టు" అని అర్థం మారిపోతుంది. సెలీనియం ఉన్న 21వ అమైనో ఆమ్లం అది. ఆపరేటర్ ఓవర్‌లోడింగ్‌ని మనవాళ్ళు కనిపెట్టారని ఎవరన్నా అంటే నమ్మకండి. మన ఒంట్లో ఇలాంటి ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు 25 ఉన్నాయి.

మనుషుల్లో దీని లోటు ఎలా ఉంటుందో చూడాలంటే చైనా వెళ్ళాలి. 1935లో హెయ్‌లుంగ్‌జియాంగ్ రాష్ట్రంలో కెషాన్ అనే చోట గుండె కండరం దెబ్బతిని జనం చనిపోయారు. ఆ తర్వాత ఈశాన్యం నుంచి నైరుతి దాకా ఒక పట్టీలా ఉన్న ప్రాంతాల్లో, ముఖ్యంగా చిన్నపిల్లలకీ, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళకీ ఇదే జబ్బు. ఆ పట్టీ అంతా నేలలో సెలీనియం అతి తక్కువ. 1974లో సిచువాన్‌లో మియన్‌నింగ్ అనే చోట పిల్లల్ని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకి వారానికోసారి సోడియం సెలెనైట్ మాత్ర, ఇంకో గుంపుకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 3985 మందిలో 54 మందికి జబ్బు వచ్చింది. సెలీనియం వేసుకున్న 4510 మందిలో 10 మందికే వచ్చింది. రెండేళ్ళు ఇలా చూశాక, ఇంక మిగతావాళ్ళకి ఇవ్వకుండా ఉండటం తగదని 1976లో అందరికీ ఇచ్చేశారు. వైద్యచరిత్రలో ఇంత శుభ్రమైన ఫలితాలు తక్కువ. ఈ అంకెలు చూసినప్పుడల్లా నాకు ఆ 54 మంది గుర్తొస్తారు, అది వేరే సంగతి.

అదే చైనాలో, ఎన్‌షీ అనే ఇంకో చోట, 1960లలో జనానికి జుట్టు, గోళ్ళు ఊడిపోయాయి. అక్కడ బొగ్గులోనూ, దాని పక్క నేలలోనూ సెలీనియం విపరీతం. ఒకే దేశంలో ఒక ఊళ్ళో లేక చచ్చారు, ఇంకో ఊళ్ళో ఎక్కువై మంచాన పడ్డారు.

ఎముకల ప్రస్తావన కూడా మొదట ఇక్కడే వస్తుంది. ఇదే లోటు పట్టీలో కషిన్-బెక్ అనే జబ్బుంది. ఎదిగే పిల్లల కీళ్ళలోని మృదులాస్థి చచ్చిపోయి, ఎముకలు పొట్టిగా, కీళ్ళు లావుగా తయారవుతాయి. ఇద్దరు రష్యన్ వైద్యుల పేరు మీద ఆ పేరు. సెలీనియం లోటు ఒక్కటే కారణం కాదు, ధాన్యానికి పట్టే బూజు లాంటివి కూడా ఉన్నాయంటారు. కానీ ఎదిగే ఎముకకీ సెలీనియంకీ సంబంధముందని అర్థమయింది అక్కడే.

ఇప్పుడు క్యాన్సర్‌కి వద్దాం. 1969లో షాంబర్గర్, ఫ్రాస్ట్ అనే ఇద్దరు అమెరికా పటం ముందేసుకుని, సెలీనియం ఎక్కువున్న ప్రాంతాల్లో క్యాన్సర్ మరణాలు తక్కువని చూపించారు. 1943లో క్యాన్సర్ కారకం అని ముద్రపడ్డది 1969కల్లా క్యాన్సర్ నిరోధకం అయిపోయింది. పటాలతో పని కాదు, పరీక్ష పెట్టాలి కదా. లారీ క్లార్క్ అనే పరిశోధకుడు 1983లో మొదలుపెట్టాడు. అప్పటికే ఒకసారి చర్మ క్యాన్సర్ వచ్చిన 1312 మందిని తీసుకుని, సగం మందికి రోజుకి 200 మైక్రోగ్రాముల సెలీనియం ఉన్న ఈస్టు మాత్ర ఇచ్చాడు. ప్రశ్న ఒక్కటే: చర్మ క్యాన్సర్ మళ్ళీ రాకుండా ఆగుతుందా?

ఆగలేదు. 1996 డిసెంబరులో ఫలితాలు అచ్చయ్యాయి. చర్మ క్యాన్సర్ విషయంలో సున్నా. కానీ మిగతా లెక్కలు చూస్తే మతిపోయింది. మొత్తం క్యాన్సర్ మరణాలు సగానికి సగం తక్కువ, ప్రోస్టేట్ క్యాన్సర్ 63 శాతం తక్కువ. పత్రికలన్నీ ఎత్తుకున్నాయి. అమెరికాలో మందుల షాపుల అరల్లోకి సెలీనియం డబ్బాలు వచ్చి కూర్చున్నది ఆ ఊపులోనే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మనం లాగిన్ మాడ్యూల్ వేగం పెంచడానికి ఒక ప్యాచ్ వేశామనుకోండి. లాగిన్ వేగం ఏం పెరగలేదు, కానీ రిపోర్టుల మాడ్యూల్ రెండింతలు వేగంగా నడుస్తోంది. మీ మేనేజరు క్లయింటుకి ఆ రిపోర్టుల వేగం గురించి మెయిల్ కొట్టేముందు మీరేం చేస్తారు? ఇంకోసారి, ఈసారి రిపోర్టుల కోసమే టెస్టు పెడతారు. అమెరికా ప్రభుత్వం అదే చేసింది. 2001లో మొదలైన ఆ పరీక్ష పేరు సెలెక్ట్ (మన ఎస్‌క్యూఎల్ సెలెక్ట్ కాదు లెండి). 35,533 మంది మగవాళ్ళు, 400 పైచిలుకు కేంద్రాలు. కొందరికి సెలీనియం, కొందరికి విటమిన్ ఇ, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందా అన్నదే ప్రశ్న.

2008 అక్టోబరులో మధ్యలోనే ఆపేశారు. తగ్గలేదు. ఇంకా ముందుకెళితే 2011లో, విటమిన్ ఇ ఒక్కటే వేసుకున్నవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువని తేలింది. 2014లో ఇంకో దెబ్బ. ఒంట్లో ముందే సెలీనియం దండిగా ఉన్నవాళ్ళు మళ్ళీ మాత్రలు వేసుకుంటే, ప్రమాదకరమైన రకం ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు 91 శాతం పెరిగింది. క్లార్క్ పాత పరీక్ష లెక్కలు కూడా మళ్ళీ తిరగేస్తే, 2003లో ఒక రకం చర్మ క్యాన్సర్ 25 శాతం పెరిగిందనీ, 2007లో మధుమేహం పెరిగిందనీ బయటపడింది.

ఇంత తేడా ఎందుకొచ్చిందంటే, ఒకటి, క్లార్క్ మనుషుల ఒంట్లో మొదట్లో సెలీనియం కాస్త తక్కువ. సెలెక్ట్ వాళ్ళకి ముందే నిండుగా ఉంది. నిండిన కుండలో నీళ్ళు పోస్తే పొర్లుతాయి. రెండోది, నాకు ముఖ్యమనిపించేది, మాత్రలో ఉన్న పదార్థం ఒకటి కాదు. క్లార్క్ వాడింది ఈస్టు, అందులో రకరకాల సెలీనియం రూపాలుంటాయి. సెలెక్ట్‌లో వాడింది సెలీనోమెథియోనిన్ ఒక్కటే. సెలీనియం అని మనం ఒకే పేరుతో పిలిచేవి నిజానికి వేరువేరు మందులు. క్లెమెంట్ ఇప్, హోవర్డ్ గాంథర్ అనే శాస్త్రవేత్తలు 1990లలోనే దీన్ని పట్టుకున్నారు. కణితి మీద పనిచేసేది మిథైల్ సెలీనాల్ అనే చిన్న అణువనీ, వెల్లుల్లిలో ఉండే రూపం దానికి దగ్గర దారి అనీ, సెలీనోమెథియోనిన్ మాత్రం చాలావరకు మామూలు ప్రోటీన్లలో కలిసి కూర్చుంటుందనీ వాళ్ళ వాదన.

ఇంకా చిత్రం ఏమిటంటే, క్యాన్సర్ కణాన్ని చంపే సెలీనియం, పోషకంగా పనిచేసే సెలీనియంకి సరిగ్గా వ్యతిరేకంగా ప్రవర్తిస్తుంది. కొద్దిగా ఉంటే ఎంజైమ్‌లో చేరి పెరాక్సైడ్ చెత్త ఊడుస్తుంది. మోతాదు పెరిగితే సెలెనైట్ లాంటివి కణంలోని గ్లూటాథయోన్‌తో కలిసి అదే చెత్తని ఉత్పత్తి చేయడం మొదలుపెడతాయి. క్యాన్సర్ కణం అప్పటికే ఆ చెత్తలో పీకల్లోతు మునిగి ఉంటుంది కాబట్టి ముందు అది పోతుంది. అంటే ప్రయోగశాలలో ఎముక క్యాన్సర్ కణాలు చచ్చిపోయాయని చదివి, రోజుకో మాత్ర వేసుకుంటే చాలనుకోవడం కుదరదు. ఆ మోతాదు వేరు, ఈ మోతాదు వేరు.

ఎముక క్యాన్సర్ కణాల మీద ప్రయోగం నిజంగానే జరిగింది. 2001లో జపాన్ పరిశోధకులు ఆస్టియోసార్కోమా కణాలు సెలీనియం తగిలితే ఆత్మహత్య చేసుకుంటున్నాయని చూపించారు. చుట్టం చదివింది దాని గురించో, దాని తమ్ముళ్ళ గురించో అయి ఉంటుంది. ఎముక క్యాన్సర్ దగ్గర ఇలాంటి ఆశకి విలువ ఎందుకంటే, అక్కడ బండి ఆగిపోయి చాలాకాలమైంది. 1970లకి ముందు కాలు తీసేసినా అయిదేళ్ళు బతికేది అయిదుగురిలో ఒక్కరు. కెనడాలో టెర్రీ ఫాక్స్‌కి 1977లో కాలు తీసేశారు. 1980లో కృత్రిమ కాలుతో 143 రోజుల్లో 5373 కిలోమీటర్లు పరుగెత్తాడు. ఊపిరితిత్తుల్లోకి పాకి 1981లో పోయాడు, అప్పటికి 22 ఏళ్ళు. ఆ కాలంలోనే మెథోట్రెక్సేట్, డోక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్ కీమో వచ్చి, జబ్బు పాకనివాళ్ళలో 60 నుంచి 70 శాతం మంది బతకడం మొదలైంది. 1980ల నుంచి ఆ అంకె దాదాపు అక్కడే ఉంది. వాడుతున్నవీ ఎక్కువగా ఆ మందులే.

కాలు తీయకుండా, కణితి ఉన్న ఎముక ముక్క మాత్రం కోసేసి, ఆ చోట టైటానియం లాంటి లోహం పెట్టడం ఇప్పుడు మామూలు. భయమల్లా అంచుల్లో రెండు మూడు క్యాన్సర్ కణాలు మిగిలిపోతాయనీ, లేదా చీము పడుతుందనీ. థామస్ వెబ్‌స్టర్ బృందానికి ఒక ఆలోచన వచ్చింది: ఆ లోహం మీదే సెలీనియం నానో కణాలు అంటిస్తే? 2010లో బ్రౌన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పత్రంలో, అలాంటి టైటానియం మీద మంచి ఎముక కణాలు బాగా పెరిగాయి, క్యాన్సర్ ఎముక కణాలు తక్కువగా పెరిగాయి. 2011లో అదే బృందం సెలీనియం నానో కణాలు చీము పట్టించే స్టెఫిలోకోకస్ బ్యాక్టీరియాని కూడా అణుస్తాయని చూపించింది. 2016లో చైనా బృందం ఎముక ఖనిజమైన హైడ్రాక్సీఅపటైట్ నానో కణాల్లో సెలీనియం ఇరికించి, ఎలుకల్లో ఎముక కణితుల్ని తగ్గించింది. నాకు ఈ దారి నచ్చింది. ఒళ్ళంతా సెలీనియం నింపకుండా, కావాల్సిన చోటే, కావాల్సినంతే వదలడం. గ్లోబల్ వేరియబుల్ కాదు, లోకల్ :).

కానీ ఇవన్నీ గాజు పళ్ళేల్లో, ఎలుకల్లో. మనుషుల్లో ఎంత దాకా వచ్చారంటే, స్వీడన్‌లో 34 మంది క్యాన్సర్ రోగులకి సోడియం సెలెనైట్ నేరుగా నరంలోకి ఎక్కించి, ఎంత మోతాదు తట్టుకుంటారో చూశారు. 2015లో ఫలితాలు వచ్చాయి. ఒంటి వైశాల్యం చదరపు మీటరుకి 10.2 మిల్లీగ్రాములు. డబ్బా మీద ఉండే 200 మైక్రోగ్రాములతో పోల్చండి. మామూలు మనిషికి ఇంచుమించు 90 మాత్రలు ఒకేసారి నరంలోకి ఎక్కించినట్టు. అదీ కార్సినోమా రోగులకి. ఎముక క్యాన్సర్ సార్కోమా, వాళ్ళు అందులో లేరు. ఎముక క్యాన్సర్‌కి వైద్యంగా ఆమోదం పొందిన సెలీనియం మందు ఈరోజుకీ ఒక్కటీ లేదు.

ఇంట్లో కూర్చుని ఆ మోతాదు అందుకుందామనుకుంటే ఏమవుతుందో 2008లో అమెరికా చూసింది. ఒక ద్రవరూప టానిక్కులో తయారీ పొరపాటు వల్ల, 200 మైక్రోగ్రాములు ఉండాల్సిన చోట 40,800 పడింది. పది రాష్ట్రాల్లో 201 మందికి విరేచనాలు, కీళ్ళనొప్పులు, జుట్టు ఊడటం, గోళ్ళు పెళుసెక్కడం. ఫోర్ట్ రాండాల్ గుర్రాల లక్షణాలే. పెద్దవాళ్ళకి రోజుకి కావాల్సింది 55 మైక్రోగ్రాములు. పైన గీత అమెరికాలో 400, యూరప్ వాళ్ళు 2023లో దాన్ని 255కి దించేశారు. ఆరోగ్యానికని చుట్టాలు పంపే బ్రెజిల్ నట్స్ ఆరో ఎనిమిదో తింటేనే 544 దాకా పోతుంది.

మావాడికి మళ్ళీ ఫోన్ చేసి ఇందులో పావు వంతు చెప్పాను. కీమోలో ఉన్న పిల్లాడికి ఏ మాత్రయినా వాళ్ళ డాక్టరుని అడక్కుండా వెయ్యొద్దనీ, డబ్బా పట్టుకెళ్ళి ఆయనకే చూపించమనీ చెప్పాను. వాళ్ళ బావ లైన్లోకి వచ్చి, "అంటే పని చెయ్యదంటావా తమ్ముడూ?" అన్నాడు. చెయ్యదని కాదు బావగారూ, ఈ డబ్బాలో ఉన్నది అది కాదు అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మొన్న మెసేజ్ వచ్చింది. డాక్టరు గారు డబ్బా చూసి, కీమో అయ్యేదాకా తను రాసినవి తప్ప ఏవీ వెయ్యొద్దన్నారట. పిల్లాడికి వచ్చే నెల ఆపరేషన్. కాలు ఉంచగలమనే అంటున్నారట. డబ్బా సీలు తీయకుండా ఫ్రిజ్ మీద అలాగే ఉంది.